తెయోఫిలో ఇరుసు

పోతోసి కొండల్లో వానలు పట్టుకుంటే, వెనక చక్రాలతో మాత్రమే లాగే బండి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కాసిమీరో పాత పికప్పు అలాంటిదే. కూతురు జెనోవేవాకు నెలలు నిండాయి. బురదలో దిగబడితే తల్లీబిడ్డలు దారిలోనే పోతారని అతని భయం. అందుకే బండిని నాలుగు చక్రాలూ లాగేలా మార్చడానికి పూనుకున్నాడు.

దానికి కావలసిన ముందు చక్రాల ఇరుసు పొరుగింటి సతుర్నీనా పెరట్లో దొరికింది. ఆమె భర్త తెయోఫిలో, పురిటినొప్పులు పడుతున్న ఆమె చెల్లెలిని ఆసుపత్రికి తీసుకెళ్తూ రాబందు మలుపు దగ్గర లోయలో పడ్డాడు. ఇద్దరూ దక్కలేదు. ఆ బండిలో చెడకుండా మిగిలింది ఈ ఇరుసొక్కటే.

"ఊరికే పట్టుకుపో తమ్ముడూ. కాస్త సారా పోసి, ఎక్కడికో చెప్పి మరీ కదిలించు. చెప్పకుండా తీసుకుపోతే ఆయనకి ఒళ్లు మండుద్ది," అంది సతుర్నీనా.

"బతికున్నప్పుడూ అంతేగా అక్కా," అని నవ్వుతూ కాసిమీరో సారా పోశాడు. "తెయోఫిలో బావా, ఆసుపత్రికెళ్లాలి. పురుడు."

సీసా ఖాళీ అయింది. ఇరుసు కింద నేల మాత్రం తడవలేదు.

ఇరుసు బిగించాడు, గేరుపెట్టె మార్చాడు. ఆ రెంటినీ కలిపే షాఫ్టు మాత్రం పట్నంలో లేతు పనిలో ఉంది, శుక్రవారం వస్తుంది. అది లేనిదే ముందు చక్రాలు దొర్లుతాయి తప్ప లాగవు.

నొప్పులు బుధవారం పొద్దున్నే వచ్చాయి, వానతోపాటు. భార్య హిలారియా బండిలో కూతురిని ఒళ్లో పడుకోబెట్టుకుంది; షాఫ్టు లేకుండానే కాసిమీరో బయలుదేరాడు.

రాబందు మలుపులో వెనక చక్రాలు ఉత్తినే తిరిగాయి. బండి లోయవైపు జారింది. కాసిమీరో బ్రేకు తొక్కినా ఆగలేదు. అంతలో ముందు చక్రాలు బురదను కరిచిపట్టాయి. స్టీరింగు అతని చేతుల్లో దానంతటది కొండవైపు తిరిగింది. బండి పైకి పాకింది. లోపలంతా తెయోఫిలో ఎప్పుడూ నమిలే కోకా ఆకు వాసన. ఎవరి నోట్లోనూ ఆకు లేదు.

"షాఫ్టు రాలేదన్నావు కదయ్యా?" అంది హిలారియా.

"రాలేదు."

"మరి లాగేదెవరు?"

"నోరు మూసుకుని పిల్లని పట్టుకో."

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాసిమీరో వెక్కి వెక్కి ఏడ్చాడు. నర్సు వచ్చి, "మీ బండి వెనక నుంచి ఇంకో గర్భిణి దిగింది కదా, ఆమెకీ మంచం వేశాను. ఎటు వెళ్లింది?" అని అడిగింది. పనివత్తిడిలో పొరబడింది కాబోలు అనుకున్నాడు.

ఇంటికి బయలుదేరబోతే బండి కదల్లేదు. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. జాకీతో ఎత్తి ఎంత తిప్పినా తిరగలేదు. బండిని అక్కడే వదిలి, బస్సెక్కి వచ్చి సతుర్నీనాకు చెప్పాడు.

"ఆసుపత్రి వాకిట్లో ఆగిపోయిందక్కా. ఇక కదలనంటోంది."

ఆమె బంగాళాదుంపల తొక్క తీయడం ఆపింది.

"ఎందుకు కదులుద్ది? చేరుకున్నాడుగా." కత్తి పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "మా చెల్లి కూడా దిగిందా?"

కాసిమీరోకు నర్సు మాట గుర్తొచ్చింది.

"దిగిందక్కా," అన్నాడు. "మంచం కూడా వేశారు."