వడకట్టిన నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం కనపడలేదు. ఎడారి మీంచి వచ్చే దుమ్ముగాలి రాత్రంతా వీచి, సూర్యుణ్ణి పిండిలో పొర్లించిన గుడ్డులా చేసింది. ఆయినే అనే ట్రైనింగు టీచరు ముక్కుకి గుడ్డ కట్టుకుని అందరికంటే ముందు హైస్కూలు చేరాడు.

ఆ పూట అతను పాఠం చెప్పాలి, ట్రైనింగు కాలేజీ నుంచి లామిసి మేడం వచ్చి చూడాలి. కిందటేడు ఇంకో బడిలో పిల్లల ముందు నిలబడి, నోరు పెగలక దిగిపోయాడు. ఈసారీ తప్పితే కాలేజీ మళ్ళీ పిలవదు. మేనమామ ఉల్లితోటలో నీళ్ళు మోసుకోవడమే.

ఆ టర్మంతా అతని పని చూడటం. బాయువో మాస్టారి తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, ఆయన ఎలా చెబుతాడో, ఉన్న సామానుతో ఎలా నెట్టుకొస్తాడో చూశాడు. సామానంటే ఎంతని. పాత బ్యాటరీల బొగ్గు నూరి పూసిన నల్లబల్ల, బెంచీలు చాలక కిటికీ గట్టెక్కిన పిల్లలు, అందరికీ కలిపి ఒక్క మైక్రోస్కోపు. మాస్టారు ప్రశ్న వేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకునేవాడు. పాఠం మరిచిపోయాడేమో అనుకున్నాడు ఆయినే మొదట్లో. ఆ ఊరుకోవడంలోనే వెనక వరసలకి కూడా బుర్ర కదులుతుందని తర్వాత తెలిసింది. జవాబు తప్పయినా ఆయన తప్పనడు. ఎందుకనుకున్నావని అడుగుతాడు.

మాస్టారు దగాబా, ఆయినే ఫ్రాఫ్రా. ఆ రెండు జాతులకీ తాతలనాటి నుంచి వేళాకోళపు వరస. బావమరుదుల్లా ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. వచ్చిన మొదటిరోజే మాస్టారు, కుక్కతలలు తినేవాణ్ణి పంపారు, బడి కుక్కని కట్టేసుకోండని పిల్లలకి చెప్పాడు. కుక్కతల దొరికితే దగాబాలు మాకు మిగల్చరు కదా అన్నాడు ఆయినే. ఆ రోజు అతను మాట్లాడింది అంతే.

ఆనాటి పాఠం చెరువునీటి పురుగుల మీద. చెరువులన్నీ ఎండిపోతే మాస్టారు ముందురోజే ఆనకట్ట అడుగున మిగిలిన మడుగుదాకా సైకిల్ తొక్కి నీళ్ళు తెచ్చాడు. ఆ సీసా బీటలిచ్చి కారుతోంది. ఆయినే వేరే సీసా కడిగి, నీళ్ళు అందులోకి వంచాడు. తర్వాత వరండాలో నిలబడి, చేతిలో ఉన్న తడిగుడ్డ దులిపాడు. దులిపాక గానీ చేసిన పని తెలియలేదు.

గుడ్డ వేసి వడకట్టేశాడు. కావాలని కాదు. అతని ఊళ్ళో ఒకప్పుడు ఇంటికొకరు చెరువునీళ్ళ వల్ల వచ్చే నారికురుపుతో మంచాన పడ్డవాళ్ళే. చెరువునీళ్ళు గుడ్డ వెయ్యకుండా పాత్ర మార్చితే తల్లి చెయ్యి విరగ్గొట్టేది. ఇప్పుడు ఆ చేతులే అతన్ని అడక్కుండా పని కానిచ్చేశాయి. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే నీళ్ళు కడిగిన ముత్యంలా ఉన్నాయి. ఒక్క పురుగు లేదు. గేటు దగ్గర మేడం కారు ఆగింది.

మాస్టారు రాగానే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన సీసా ఎత్తి వెలుగులో చూశాడు. నవ్వాడు.

"దేవుడు ఫ్రాఫ్రాలకి తల ఇవ్వడం మరిచి చేతులు రెండిచ్చాడురా. ఎవరు నేర్పారు?"

"మా అమ్మ."

"అయితే అదే చెప్పు. పో."

ఆయినే నల్లబల్ల ముందు నిలబడ్డాడు. మేడం వెనక బెంచీలో, అతను రోజూ కూర్చునే చోటే కూర్చుంది. ఈ నీళ్ళలో ఏముందో చూడమని పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచాడు. ఏమీ లేదు సార్ అని ఒకడు, నా కంట్లో నలక కనపడుతోందని ఇంకొకడు.

"ఎందుకు లేదు?" అని అడిగి ఊరుకున్నాడు. కిటికీలోంచి దుమ్మును చూస్తూ నిలబడ్డాడు. ఈసారి అతను దిగిపోలేదు.

స్కొలాస్టికా అనే పిల్ల లేచింది. "ఎవరో గుడ్డ వేశారు సార్."

"ఎందుకనుకున్నావు?"

"మా నాయనమ్మ ఇప్పటికీ వేస్తుంది. పంపునీళ్ళకి కూడా."

గది గొల్లున నవ్వింది. ఆయినే కూడా నవ్వి, ఆ పని చేసింది తనేనన్నాడు. తల్లి కాల్లోంచి పురుగు దారంలా రోజుకింత బయటికొస్తుంటే పుల్లకి చుట్టడం, విత్తనాల వేళంతా ఆమె మంచం దిగకపోవడం, ఆ ఏడు ఇంట్లో గాదె నిండకపోవడం, అన్నీ చెప్పాడు. నీళ్ళలోని ఏ పురుగు ఆ జబ్బును మోస్తుందో చెప్పాడు. అంతసేపు ఒక్కబిగిన అతను ఎన్నడూ మాట్లాడలేదు. గుడ్డ ఏది సార్ అని ఆ పిల్లే అడిగింది. తడి ఆరని మడతల్ని నీళ్ళలో జాడిస్తే, దులుపుడుకి పోనివి కొన్ని మిగిలాయి. ప్రాణంతో ఎగురుతున్నాయి. గదంతా మైక్రోస్కోపు ముందు వరస కట్టింది. మేడం కూడా చెప్పులు సర్దుకుని వరసలో నిలబడింది.

ఈ పాఠం ఎవరు తయారుచేశారని ఆమె తర్వాత అడిగింది. అతనే, పొద్దున్నే వచ్చి సిద్ధం చేసుకున్నాడన్నాడు మాస్టారు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. వానలు పడ్డాక కొలువులో చేరవచ్చని ఆయినేతో చెప్పి, చెయ్యి కలిపి ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మాస్టారు ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య జొన్నసంగటి, ఎండుబెండ జిగురుపులుసు ఇద్దరి మధ్యా పెట్టింది. ఆయినే చేతులు కడుక్కుని, మాస్టారూ మీరు లేకపోతే నేను ఇవాళ, అని మొదలుపెట్టాడు.

"తినేటప్పుడు మాట్లాడితే సంగటి చల్లారుతుంది," అన్నాడు ఆయన.

ఒకే గిన్నెలో ఇద్దరూ చేతులు పెట్టారు. ఉన్న ఒక్క మాంసం ముక్కనీ మాస్టారు వేలితో అతనివైపు తోశాడు. ఆయినే తల వంచుకుని తిన్నాడు.