కన్నతల్లి ఏడవలేదన్న పాట

పుత్తూరు నుంచి తిరుపతికి వెళ్ళే బస్సులో దేవకమ్మ ఆ పాటను మొదటిసారి విన్నది. కంటి డాక్టరుకు చూపించుకుందామని కూతురు కోమలితో బయలుదేరింది. ముందు సీట్లో ఎవరో కాలేజీ పిల్ల ఫోన్లో పాట పెట్టుకుంది. ముందు శంఖం, వెంటనే డప్పులు, ఆ తర్వాత ఒక మగగొంతు. ఏడుకొండల నీడన పుట్టినోడని, మంచుకొండల్లో జెండాకు కాపలా నిలిచినోడని పాడుతూ పాడుతూ, ధర్మేంద్ర అని ఆమె కొడుకు పేరు పలికింది ఆ గొంతు.

"కంట తడి పెట్టలేదు కన్నతల్లి
జెండా చూసి తలెత్తెను ఆ తల్లి"

దేవకమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

"అన్న పాటేమ్మా!" అంది కోమలి. "శ్రీ సిటీకి పొయ్యే మా కంపెనీ బస్సులో దినామూ ఏస్తారు. నీకు సెబితే ఏడుస్తావని సెప్పలేదు."

ధర్మేంద్ర సైన్యంలో లారీ తోలేవాడు. కొండదారిలో రాళ్ళు విరిగిపడి, లారీతో పాటు లోయలోకి జారిపోయాడు. పెట్టె ఊరికి వచ్చిన రోజు దేవకమ్మ దాని మీద పడి జెండా గుడ్డను గుప్పిళ్ళతో పట్టుకుంది. ఇద్దరు జవాన్లు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఊరంతా చూసింది. ఆమె గొంతు పోయి నెల దాకా సరిగ్గా మాట రాలేదు.

అదే ఊరు ఇప్పుడు పాటను నమ్మింది. గంగజాతరకు కట్టిన ఫ్లెక్సీలో అమ్మవారు ఒకవైపు, జెండా పట్టుకున్న ధర్మేంద్ర ఇంకోవైపు. ఆర్కెస్ట్రా వాళ్ళు ఆ పాట ఎత్తుకోగానే కుర్రాళ్ళు చొక్కాలు విప్పి గాల్లో తిప్పారు. ఆడవాళ్ళు ఫ్లెక్సీకి కూడా కర్పూరం వెలిగించారు. దేవకమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరో పెద్దమనిషి దగ్గరికొచ్చి, "నువ్వే ఇట్లయితే ఎట్లమ్మా? నిన్ను సూసి కదా మా పిల్లోళ్ళు ధైర్యం నేర్సుకునేది" అన్నాడు. తప్పు చేసినదానిలా ఆమె కొంగు దించేసింది. అప్పటి నుంచి నలుగురిలో ఏడవడం మానేసింది. ఇంట్లో భర్త తిరుమలయ్య పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే పాట పెట్టుకుంటాడు. అక్కడా ఏడవడానికి చోటు లేకపోయింది.

చివరికి కోమలిని వెంటబెట్టుకుని, పాట పాడినవాడిని వెతుక్కుంటూ మళ్ళీ తిరుపతి వెళ్ళింది. పేరు మునిచంద్ర. గోవింద నామాలు, భజన పాటలు పాడి పేరు తెచ్చుకున్నవాడు. ఒక సెల్‌ఫోన్ అంగడి మేడ మీద అతని రికార్డింగు గది. గోడలకు అట్టలు కొట్టి ఉన్నాయి. ఆమె ఎవరో తెలియగానే మునిచంద్ర కాళ్ళకు మొక్కాడు.

"పాట బాగుండాదబ్బా," అంది దేవకమ్మ. "ఆ ఒక్క మాట తీసెయ్. నేను ఏడ్సినాను. ఏడవలేదని ఊరూరా సెప్పినావే, ఇంగ నేను యాడ ఏడవాల?"

మునిచంద్ర ఆమెకు కుర్చీ జరిపాడు.

"నేను ఊహించి రాసింది కాదమ్మా. పాట కట్టే ముందు మీ ఇంటికి ఫోన్ సేసినాను. అయ్యే సెప్పినాడు, మా ఇంటామె కంట నీళ్ళు పెట్టలేదని. ఆ మాట ఇని నాకే ఏడుపొచ్చింది. అందుకే రాసినాను." మళ్ళీ తనే, "మారుస్తానమ్మా. కానీ పాట నా సేతుల్లో లేదిప్పుడు. ఎవురెవురి ఫోన్లలో ఉండాదో నాకే తెలీదు" అన్నాడు.

ఇంటికి రాగానే, ఏడవలేదని ఎందుకు చెప్పావని ఆమె భర్తను అడిగింది. తిరుమలయ్య మంచం మీద నుంచి లేవలేదు. ఫోన్ మాత్రం ఆపాడు.

"నువ్వు ఏడ్సినావని సెబితే, మరి నువ్వేం సేసినావని ఆ పాటాయన నన్నడగతాడు. ఏం సెప్పేది మే?"

కొడుకును తెచ్చిన రోజు అతను కాటికి రాలేదు. ఒళ్ళు తూలి పడిపోయాడని అందరూ అనుకున్నారు. తలకొరివి అతని అన్న కొడుకు పెట్టాడు.

"నాకేం కాలేదు," అన్నాడు తిరుమలయ్య. "సేనికాడ మోటారు రూములో గడియ ఏసుకోని కూసున్యాను. పాటలో అందరం నిలబడినాము. అట్ల ఇనుకుంటే కొంచెం బాగుంటాది నాకు."

దేవకమ్మకు కోపం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆగస్టు పదిహేనున బడి ఆవరణలో సభ పెట్టి మునిచంద్రను పిలిపించారు. దేవకమ్మనూ తిరుమలయ్యనూ వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. ఎదురుగా పిల్లలు, వాళ్ళ వెనక ఊరంతా. పాట మొదలైంది. రెండో చరణం దగ్గర మునిచంద్ర ఒక్కసారి ఆమె వైపు చూసి, చెప్పినట్టే మార్చి పాడాడు.

"కంట తడి ఆరలేదు కన్నతల్లికి..."

ఆ మాట ఎవరికీ వినపడలేదు. పిల్లలందరికీ పాట నోటికి వచ్చు. జెండాలు ఊపుతూ పాత మాటనే అందుకున్నారు. మునిచంద్ర గొంతు పెంచాడు. వాళ్ళూ పెంచారు. అతను మైకు దించి నిలబడిపోయాడు. వందమంది పిల్లలు, కంట తడి పెట్టలేదు కన్నతల్లి అని ఆమె ముఖంలోకి చూస్తూ పాడారు. దేవకమ్మకు అప్పుడు ఏడుపు ఆగలేదు. శాలువా నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గర్వంతో ఏడుస్తోందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తిరుమలయ్య లేచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరో వారించబోతే తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ వేదిక వెనక నుంచి దిగి, మామిడి తోపుల పక్క దారి పట్టారు. సభలో పాట మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

కొంతదూరం నడిచాక తిరుమలయ్య దారి పక్క రాతి మీద కూలబడ్డాడు.

"మే, ఆ పొద్దు... వాని మొగం ఎట్లుండె?"

దేవకమ్మ పక్కన కూర్చుంది.

"గడ్డం గీసుకోలేదు వాడు," అంది. "నల్లగా పెరిగిండె. సెవికాడ దెబ్బ తగిలి దూది పెట్టిన్నారు. ఒక కన్ను సరిగ్గా మూసుకోలేదు. పెట్టె తెరిసినాక నేనే మూసినాను. పెదాలు పగిలిపొయ్యిండె, సలికి."

తిరుమలయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదలడం మొదలైంది.

"ఇంకా సెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది.