రెండో బటన్

మా ప్రెస్సులో కాగితాలు కోసే మిషనుకు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులకు అదే కాపలా. పని వేగంగా సాగడంలేదని సూపర్‌వైజరు రెండో బటన్‌ను అట్టముక్కతో బిగించమన్నాడు. బిగించింది నేను. కుడిచేతి నాలుగు వేళ్లు పోగొట్టుకున్నది మా బావమరిది.

నా భార్య పోయి ఆరేళ్లయింది. పోతూ పోతూ తమ్ముణ్ణి చూసుకోమంది. చూసుకున్నాను.

ఊరి బడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలు నావి. అందుకే గుమ్మం పక్కన నల్లబల్ల మీద రోజూ మంచిమాట రాసే పని నాకిచ్చారు, మాస్టారని పేరూ పెట్టారు. వేళ్లు తెగిన రోజున అక్కడ 'నిదానమే ప్రధానం' అని ఉంది.

విచారణకు అధికారి వచ్చే రోజు పొద్దున్నే సూపర్‌వైజరు ఒక కాగితం నా ముందుకు తోశాడు. అట్ట తానే పెట్టుకున్నానని మా బావమరిది చెప్పినట్టు రాసి ఉంది. కింద ఎడమచేతి వేలిముద్ర.

"మాస్టారూ, సాక్షి సంతకం మీదే."

"అట్ట పెట్టింది నేను. పెట్టమన్నది నువ్వు. అధికారికి అదే చెప్తాను."

నా కాళ్లు వణికాయి. ధైర్యే సాహసే లక్ష్మి అంటారు. ఎవరింటి లక్ష్మో చెప్పరు.

"అబ్బో! మాస్టారికి ఇవాళ మీసం మొలిచింది" అని నవ్వి, వాడు పక్కగదిలో ఉన్న మా బావమరిదిని పిలిచాడు.

"ఇప్పుడొచ్చిందా బావా పౌరుషం? అట్ట పెట్టేటప్పుడు ఎక్కడికి పోయింది?"

"తప్పేరా. అందుకే చెప్తానంటున్నా."

"చెప్తే నీ మనసు చల్లబడుద్ది. నా పొయ్యి కూడా చల్లబడుద్ది. ఒంటిచేతోణ్ణి, తప్పు నామీదేసుకుంటే గేటు దగ్గర కాపలాకి కూర్చోబెడతామన్నారు. అదీ ఊడగొడతావా?"

"మీ అక్కుంటే ఒప్పుకునేది కాదు."

"అక్క లేదుగా. నువ్వున్నావు. అదే నా ఖర్మ. సంతకం పెట్టు."

నేను పెట్టలేదు. కాగితం అక్కడే వదిలేసి వచ్చాను.

పదకొండింటికి అధికారి వచ్చాడు. మిషను చుట్టూ తిరిగి, అట్ట ఎవరు పెట్టారని అడిగాడు. నేను ఒక అడుగు ముందుకేశాను. అంతకన్నా ముందే మా బావమరిది కట్టుతో ఉన్న చెయ్యెత్తాడు.

"నేనేనండీ. తొందరపడ్డాను."

అధికారి నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

మా బావమరిది నన్ను చూడలేదు. గేటు వైపు చూస్తున్నాడు.

"నిజమేనండీ" అన్నాను. గొంతు ఏమాత్రం వణకలేదు.