అరటాకుల పక్క

మా ఊళ్లో ఎవరు దేని మీద పడుకుంటారో ఎవరికీ పట్టదు. ఎండలు ముదిరితే సగం ఊరు వాకిళ్లలో నులక మంచాల మీదే ఉంటుంది. అలాంటిది ఈ ఏడాది నాగేశ్ పక్క గురించి ఊరంతా మాట్లాడింది. తలా ఒక సలహా పడేసింది. సలహాలకేం పోయింది, నోరుంటే చాలు. నా చాయ హోటల్ ముందు కూర్చుని చెప్పినవాళ్లలో ఒక్కడైనా ఆ ఇంటికి పోయి ఆ మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పింది లేదు.

శివరాత్రి వెళ్లాక నాగేశ్ ట్రాన్స్‌ఫారం ఎక్కి కాలిపోయాడు. కౌలు పొలంలో పల్లి చేను కాయ ఊరే వేళకు ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వస్తా వస్తా అంటూనే ఉన్నాడు. మా దిక్కు రైతులకు ఇది అలవాటైన పనే. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ బంద్ చేయిస్తారు, ఎక్కుతారు, ఫ్యూజు వేసి దిగుతారు. 'దిగినం' అని మళ్లీ ఫోన్ చేస్తే అక్కడి ఆపరేటర్ కరెంటు వదులుతాడు. ఎక్కినవాడి ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంటుంది. నాగేశ్ ఇంకా పైన ఉండగానే కరెంటు వచ్చింది.

హైదరాబాద్ దవాఖానలో నెలన్నర ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి కింద తీసేశారు. రొమ్ము, వీపు, ఎడమ తొడ కాలాయి. ఏ పక్కకు ఒత్తిగిలినా పుండే. ఇంటికి పంపేటప్పుడు అక్కడి నర్సమ్మ అతని భార్య నవనీతను పక్కకు పిలిచి చెప్పింది. చెమటకు పుండు నానితే చీము పడుతుంది, చీము పడితే మళ్లీ తీసుకొచ్చినా బతుకుతాడని చెప్పలేం, ఎట్లయినా చేసి చల్లగా పడుకోబెట్టు అంది.

చల్లగానట! ఏప్రిల్‌లో, మా ఊళ్లో, రేకుల ఇంట్లో.

నవనీత మొదట నాగర్‌కర్నూల్ పోయి ఫోం పరుపు తెచ్చింది. చల్లదనం పోని పరుపు ఇదని దుకాణాయన చెప్పాడు, చెయ్యి పెట్టి చూడమన్నాడు. చెయ్యి పెడితే చల్లగానే ఉంది. మనిషిని పడుకోబెడితే పెనమైంది. దాని మీద రెక్సిన్ వేస్తే నాగేశ్ చెమటలో తేలాడు. అత్త బాలనాగమ్మ తన బొంత పరిచింది. పాత చీరలు కలిపి కుట్టిన మెత్తటి బొంతే గానీ, దాని కుట్లు పుండుకు గీరుకున్నాయి. ఈత చాప చల్లనిదే, ఆ ఒంటికి అది ముళ్లకంప. ఆఖరికి నవనీత పెట్టెలోంచి తన పెళ్లి నాటి గద్వాల చీర తీసింది. పట్టు అంచులు, కొంగు కత్తెరతో కోసేసి, నడుమ నూలు మాత్రం పరిచింది. ఆ నూలంత చల్లటి బట్ట నేనైతే ఎరగను. నాగేశ్ ఆ పగలు హాయిగా పడుకున్నాడు. సాయంత్రం లేపబోతే చీర పుండుకు అంటుకుపోయి ఉంది. నీళ్లు చల్లి చల్లి ఊడదీస్తే అప్పుడప్పుడే వస్తున్న కొత్త చర్మం దాంతో పాటే వచ్చింది. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. నాగేశ్ అరుపుకు నా చేతిలో చాయ గిన్నె జారి పడింది. నవనీత ఆ చీర ముక్కను పొయ్యిలో పెట్టింది.

మరునాడు తెల్లారేసరికి కురుమూర్తి వచ్చాడు, బండి మీద అరటాకుల మోపు పెట్టుకుని. ఊళ్లో అరటితోట అతనొక్కడికే ఉంది. నాగేశ్‌కు వరసకు పెదనాయిన, అంటే నవనీతకు మామ.

"ఆకు అంటుకోదు బిడ్డా. కాలినోళ్లను మా తాతల కాలం నుంచి దీని మీదనే పండవెడుతుండ్రి," అన్నాడు.

తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచాడు. నడిమి ఈనె చెక్కేసి, నున్నటి దిక్కు పైకి వచ్చేటట్టు తనే మంచం మీద పరిచాడు. నవనీత, బాలనాగమ్మ కలిసి నాగేశ్‌ను దాని మీదికి దించారు. నాగేశ్ "అబ్బ" అన్నాడు. అది నొప్పితో అన్న అబ్బ కాదు. బాలనాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచి రోజూ ఆకులు వచ్చాయి. పొద్దున ఒక వరుస, మాపటికి ఒక వరుస. పుండ్లు అంచుల నుంచి ఆరుతూ వచ్చాయి. కురుమూర్తి మనిషి కాదు, దేవుడని ఊరు ఊరంతా అంది. నేనూ అన్నాను, డబ్బులు తీసుకోకుండా చాయ కూడా పోశాను. అతను వచ్చినప్పుడల్లా నాగేశ్ మొహం గోడ దిక్కు తిప్పుకునేవాడు. నొప్పి బాధ అనుకున్నాం.

ఒకనాడు కురుమూర్తికి వనపర్తిలో పని పడితే ఆకులు సత్యమ్మ తెచ్చింది. సత్యమ్మ అతని తోటలో ఏళ్లుగా కూలి చేస్తుంది. పెద్దమనిషి, ఆదివారం ప్రార్థన తప్పనిది. నవనీత ఆమెకు మంచినీళ్లిచ్చి, మీ సేటు కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నా మా రుణం తీరదంది. సత్యమ్మ నీళ్లు తాగలేదు. చెంబు అరుగు మీద పెట్టింది.

"కాళ్లు కడిగే ముందల ఒక మాట ఇను బిడ్డా. ఆ దినం నేను తోటల్నే ఉన్న. గెలలేసిన చెట్లకు నీళ్లు లేక ఆకులు పసుపు పడుతున్నయి. మా తోటకు గూడ అదే లైన్. నాగేశ్ బంద్ చేయించిన లైన్ ఇంక ఎందుకు రాలేదని ఆయన పరేషాన్ అయితుండు. సబ్‌స్టేషన్ల ఆపరేటర్‌గ ఉన్న మేనల్లునికి, ఆ లక్ష్మణ్‌కు ఫోన్ చేసిండు. నాగేశ్ దిగిండు, లైన్ ఇడువు అన్నడు."

"దిగిండని అన్నడా?"

"నా చెవులార ఇన్న. దిగింది నువ్వెట్ల జూసినవ్ సేటూ అని అడిగిన గూడ. ఇంతసేపా, దిగే ఉంటడులే అన్నడు. మోటరు నడిచింది. నీళ్లొచ్చినయి. గంతల్నే మీ చేను దిక్కుకెళ్లి కేక ఇనపడ్డది." సత్యమ్మ కళ్లు తుడుచుకుంది. "ప్రార్థనల కూసున్నా ఆ మోటరు సప్పుడే ఇనిపిస్తుంది. ఇంక నాతోని గాదు బిడ్డా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. 'దిగిండు' అన్న మాట తోట దాటి సబ్‌స్టేషన్‌కు పోయి, తీగల వెంబడి వచ్చి నాగేశ్‌ను కొట్టింది. ఆ లక్ష్మణ్ ఏమో, నాగేశ్ లైన్ బంద్ చేయమని అడగకుండానే ఎక్కాడని పైవాళ్లకు చెప్పి తప్పించుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! తొక్కిన కాలు కడుక్కోవడానికే కురుమూర్తి రోజూ ఆకులు మోసుకొస్తున్నాడు.

మరునాడు పొద్దున అతని బండి ఆగీ ఆగకముందే నవనీత వాకిట్లోకి వచ్చింది. మోపు లాగి సందులోకి విసిరేసింది.

"నీ తోట పచ్చగుండాలని నా ఇల్లు కాలవెడితివి గదనయ్యా! దిగిండని ఎట్లంటివి? నోరెట్ల ఒచ్చె నీకు? మట్టిగొట్టుకపోను నీ తోట!"

ఇళ్లలోంచి అందరం బయటికి వచ్చాం. కురుమూర్తి మొహంలో నెత్తురు లేదు. "ఎవలు జెప్పిండ్రు నీకు?" అన్నాడు.

"ఎవలైతేంది? నీ తోటల సత్యమ్మ జెప్పింది!"

కోపంలో మనిషికి వెనకాముందూ కనపడదు. ఆ పేరు బయట పెట్టకుండా ఉండాల్సింది. కురుమూర్తి బండి తిప్పుకుని పోయాడు. సందులో పడ్డ ఆకుల్ని మేకలు తిన్నాయి.

నవనీత ఆ పొద్దే కొల్లాపూర్ బస్సెక్కింది. కొల్లాపూర్‌లో ఎటు చూసినా మామిడి తోటలే. అక్కడి నుంచి ఆటోలో సోమశిల దాకా పోయి, గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణాల్లో దొరికిన అరటాకులు కొని, తడి గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. అంచులు ముడుచుకుని నల్లబడ్డాయి. అయినా పరిచింది. నాగేశ్ బరువుకు అవి ఈనెల వెంబడి పేలికలైపోయాయి. కింద మళ్లీ రెక్సినే మిగిలింది. పొద్దు గూకే వేళకు అతనికి జ్వరం వచ్చింది. తుడుస్తుంటే వీపు నుంచి వాసన వచ్చిందని బాలనాగమ్మ గోడ దగ్గరికి వచ్చి నాతో గుసగుసగా అంది. ఆ వాసన దేనిదో మా ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఆలుమగల మాటలు గోడవతల నుంచి వినిపించాయి. వినకూడదని లేచి పోలేదు నేను.

"ఆయన కాడికి పో," అన్నాడు నాగేశ్.

"ఎవలి కాడికి?"

"పెదనాయిన కాడికి. ఆకులు అడుగు."

"ఏం జేసిండో తెల్సినంక గూడనా?"

"నాకు దవాఖానల్నే తెలుసు. నువ్వు మందులకు పోయినప్పుడు లక్ష్మణ్ ఒచ్చి కాళ్లు వట్టుకున్నడు. నువ్వు దిగినవని మా మామ జెప్పిండు, నేను ఇడిసిన అని ఏడ్చిండు."

ఆ తర్వాత నవనీత గొంతు వచ్చింది. "మరి తెల్సి తెల్సి ఆయన దెచ్చిన ఆకు మీద ఎట్ల పండుకుంటివి?"

"సల్లగుండె. పండుకుంటి." నాగేశ్ ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "నీకు జెప్తె నువ్వు గిట్లనే జేస్తవని జెప్పలే. నాకు మస్తు కోపమున్నది నవనీతా. గానీ ఆకు ఎవలిదో నా వీపుకు తెల్వదు. నన్ను పండుకోనీ. బతకనీ."

నవనీత తెల్లారకముందే తోటకు పోయింది. అక్కడ జరిగింది కొన్నాళ్ల తర్వాత తనే నాకు చెప్పుకుని ఏడ్చింది. కురుమూర్తి మోటరు గది గడప మీద కూర్చుని ఉన్నాడట. ఆమెను తిట్టలేదు, పొమ్మనలేదు.

"ఎన్ని గావాలన్నా కోస్కపో బిడ్డా. వాడు లేచి నడిచేదాక ఇస్త. నేనేమన్న కావాలని జేసిన్నా? గానీ ఈ ముచ్చట బయట వడితె లక్ష్మణ్ నౌకరి పోతది, నన్ను జైల్ల ఏస్తరు. హోటల్ కాడ పొద్దుగాల నలుగురుంటరు. సత్యమ్మ జెప్పింది అబద్ధమని ఆడ ఒక్క మాట అను. సాలు."

"సత్యమ్మ గతేంగావాలె?"

"దానికేమైతది? కూలి మనిషి. ఇంకో తోటల జేస్కుంటది."

ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు! అడుగుతూనే అతను లేచి కొడవలి తీసుకున్నాడు. చిరుగు లేని ఆకులు ఏరి ఏరి కోసి, ఆమె చేతుల్లో పెట్టాడు.

పొద్దు పొడిచేసరికి నా హోటల్ ముందు మంది ఉన్నారు. చాయకు వచ్చిన రైతులు, కూలి ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్లు, వాళ్లలో సద్దిగిన్నె పట్టుకుని, ఇంకో చోట కూలికి పోబోతూ సత్యమ్మ. నవనీత రెండు చేతులా ఆకులు మోసుకుంటూ వచ్చి నడుమ ఆగింది. వెనక కొంచెం దూరంలో కురుమూర్తి బండి ఆపి, దిగకుండా కూర్చున్నాడు.

"నిన్న నేను గుస్సల అన్న," అంది నవనీత. మళ్లీ అంది, ఈసారి అందరికీ వినపడేటట్టు. "కురుమూర్తి మామ ఎవలకూ ఫోన్ చెయ్యలే. మా ఆయిననే అడగకుంట ఎక్కిండు. సత్యమ్మ జెప్పింది అబద్ధం."

అంతలో ఎవడో నవ్వాడు. "నేను ముందే అన్న గద, ఈ కూలోళ్ల మాటలు నమ్మొద్దని," అన్నాడు ఇంకొకడు. మరుగుతున్న చాయ వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది. కుమ్మరించలేదు, గ్లాసులో పోసి ఇచ్చాను.

సత్యమ్మ ఆడవాళ్లలోంచి బయటికి వచ్చి నవనీత ఎదురుగా నిలబడింది. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. పోస్తే బాగుండనీ అనుకున్నాను. నవనీత తల ఎత్తలేదు. సత్యమ్మ ఆమె చేతుల్లోని మోపు చూసింది, పైన ఉన్న ఆకును వేళ్లతో తడిమి చూసింది.

"జల్ది పో బిడ్డా," అంది. "ఎండెక్కితె ఆకు వాడుతది."

నవనీత ఇంటి దిక్కు పరుగులాంటి నడకతో పోయింది. కూలి ఆటో వచ్చింది, ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఎక్కారు. సత్యమ్మ కాలు పెట్టబోతే, కురుమూర్తి దిక్కు ఒకసారి చూసి, డ్రైవర్ జాగా లేదన్నాడు. ఇంకా ఇద్దరు కూర్చునేంత జాగా ఉంది అందులో.