పళ్ళెం పట్టని బార్

మా జహ్లే ఊళ్లో ఆగస్టు మరియమ్మ పండుగ భోజనం అంటే, మా కుటుంబానికి అఫీఫే అక్క ఇల్లే. ఆవిడ నా తోడికోడలు, మా బావగారు వదీహ్ భార్య. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచీ ఆ బల్ల మీదే తింటున్నాను, ఆ బల్ల గొప్పలే వింటున్నాను. "నీ ఇంట్లో బల్ల వేస్తే మనుషులు మెట్ల మీద నిలబడాలమ్మా నజ్లా" అని నవ్వేది. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండేది. ఈ వేసవిలో ఓ ఆదివారం చర్చి గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా అనేశాను: "ఈసారి పండుగ మా ఇంట్లో!"

ఇంటికొచ్చి గదిని అడుగులతో కొలిచి చూశాను. మా ఇల్లు నిజంగానే ఇరుకు. భోజనం అభాసుపాలైతే ఈ జన్మకి ఇక అక్క ముందు తలెత్తలేను.

నా మొగుడు తౌఫీక్ వడ్రంగి. ఊళ్లో సగం వంటగదులు ఆయన చేతి పనే. నా వంటగదిలో మాత్రం బీరువా తలుపుని తాడుతో కట్టుకుంటాను.

"బల్ల పట్టదు గానీ నజ్లా, బార్ పడుతుంది" అన్నాడు.

బేరూత్‌లో ఓ హోటల్‌కి చెక్కపని చేసి వచ్చినప్పటి నుంచీ ఆయనకా పిచ్చి. ముందు పొడుగాటి కౌంటరు, వెనక గోడకి అదే ఎత్తులో ఓ అల్మారా, రెంటికీ మధ్య ఒక మనిషి నిలబడి పోసేంత సందు, అల్మారా పైన సీసాలకి అరలు. గోడ మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. బాగానే కనిపించింది.

"ఏమయ్యా, ఆ సీసాల వెనక దుమ్ము ఎవరు తుడుస్తారు? అర పలకలు తీసి కడుక్కునేట్టు చెయ్యి."

"అర అన్నాక కదలకూడదే. కదిలితే అది అరేనా?"

"నా ఇంట్లో కదులుతుంది."

మూతి ముడుచుకుని తిరిగాడు, చివరికి విన్నాడు. అరల్ని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో పొట్టి పలకల్ని మేకు కొట్టకుండా చెక్క బుడిపెల మీద ఊరికే ఆనించాడు.

ఆ రోజుల్లో ఆయన్ని చూడాలి! ఎప్పటి నుంచో దాచుకున్న అక్రోటు దుంగలు కోయించి తెచ్చాడు. చిత్రిక పడుతుంటే ఇల్లంతా ఆ వాసనే. ఈలలు వేసేవాడు. పొట్టు నా వంటలోకి ఎగిరొచ్చి పడినా ఏమీ అనబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళకి నా మొగుడు నా ఇంటికి పని చేస్తున్నాడు, అంతకంటే ఏం కావాలి?

మా దగ్గర అరక్ పోస్తే ప్రతి విడతకీ కొత్త గ్లాసు పెట్టాలి. నీళ్ళు తగిలి పాలలా తెల్లబడే ఆ సోంపు సారాని వాడిన గ్లాసులో మళ్ళీ పోస్తే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. అందుకని చిన్న గ్లాసులకే ఓ గడి మొత్తం వదిలాడు. ఎంత ముందుచూపు అని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయాను.

పండుగ రోజు చర్చిలో పూజ అయ్యాక అందరూ దిగారు. తౌఫీక్ తెల్లచొక్కా వేసుకుని బార్ వెనక పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. వదీహ్ బావగారు చెక్కని చేత్తో నిమిరి, "ఒరేయ్ తమ్ముడూ, చెయ్యంటే నీదేరా!" అన్నారు. అఫీఫే అక్క కూడా కళ్ళు తిప్పుకోలేకపోయింది. నా కడుపు నిండిపోయింది.

అప్పుడు నేను సన్నగా తరిగిన ఆకుకూర, గోధుమరవ్వ కలిపిన తబ్బూలే పళ్ళెం తెచ్చి కౌంటరు మీద పెట్టాను.

పళ్ళెం సగం బయటికి వేలాడింది.

అడ్డంగా తిప్పాను, ఇటు జరిపాను, అటు జరిపాను. లాభం లేదు. హోటల్లో మోచెయ్యి, గ్లాసు ఆనేంత వెడల్పు ఎంతో, సరిగ్గా అంతే చేశాడు మహానుభావుడు! గ్లాసులు గుర్తున్నాయి, తిండి గుర్తులేదు. వంటగదిలో చూస్తే శనగలు రుబ్బిన హుమ్ముస్, పచ్చి మాంసం దంచిన కిబ్బే, అన్నం పెట్టి చుట్టిన ద్రాక్షాకులు, కాల్చిన మాంసం, ఇంకా బోలెడు. గదిలో చూస్తే తలా ఒక పళ్ళెం పట్టుకుని చుట్టాలు.

"తమ్ముడూ, పళ్ళేలు ఎక్కడ పెట్టాల్రా?" అన్నారు బావగారు.

"హోటల్లో ఇంతే ఉంటుంది అన్నయ్యా..."

"హోటల్లో వాళ్ళు ఉత్తినే తాగుతార్రా! ముందు తిండి లేకుండా మనం అరక్ ముట్టుకుంటే అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తుంది!"

అందరూ గొల్లున నవ్వారు. తౌఫీక్ మొహం మాత్రం వాడిపోయింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అఫీఫే అక్క చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "పోనీలే, పళ్ళేలు పట్టుకుని మా ఇంటికి నడవండి. అక్కడ బల్ల ఉంది కదా."

ఇద్దరు గుమ్మం దాటబోయారు కూడా. అంతే, నాకెక్కడలేని కోపం వచ్చింది. "ఎవరూ కదలొద్దు! బావగారూ, ఆ పళ్ళెం కిందపెట్టి ఈ సీసా పట్టుకోండి. అక్కా, నువ్వీ గ్లాసులు అందుకో. తౌఫీక్, పలకలు తియ్యి!"

"ఏ పలకలు?"

"కదలకూడదన్నావే, అవి!"

ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. మరుక్షణం కళ్ళు మెరిశాయి. అర పలకల్ని ఒక్కొక్కటే లేపి, ఒక కొస కౌంటరు మీద, ఇంకో కొస వెనక అల్మారా మీద ఆనించి, పక్కపక్కనే పరిచాడు. సందు మూసుకుపోయింది. చూస్తుండగానే మంచమంత బల్ల తయారైంది. తీరా చూస్తే చివర ఓ చిన్న బొక్క మిగిలింది, అందులో తౌఫీక్ ఇరుక్కున్నాడు.

"నన్ను బయటికి రానివ్వండ్రా!"

"నోరుమూసుకుని పొయ్యరా!" అన్నారు బావగారు.

సాయంత్రం దాకా అక్కడే నిలబడి పోశాడు. గ్లాసు ఖాళీ అయితే కొత్త గ్లాసు, మళ్ళీ కొత్త గ్లాసు. చుట్టూ నిలబడి, రొట్టె తుంచి, ఒకళ్ళ మీంచి ఒకళ్ళు చేతులు చాపి తిన్నాం. పాటలు పాడాం. తౌఫీక్ నోట్లోకి నేనే కిబ్బే ముద్దలు పెట్టాను, అందరూ ఈలలేశారు.

అఫీఫే అక్కని ఎత్తు పీట మీద కూర్చోబెట్టాను. లేవబోయిన ప్రతిసారీ భుజం పట్టి కూర్చోబెట్టాను. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. ఏదో ఒక వంక పెడుతుందనుకున్నాను.

"పెళ్ళైన దగ్గర్నుంచీ పండుగ నాడు మాంసం వేడిగా తినడం ఇవాళేనే నజ్లా" అంది. "వడ్డించి కూర్చునేసరికి ఎప్పుడూ చల్లారిపోయేది."

ఇన్నేళ్ళూ ఆవిడ బల్ల చూసి కుళ్ళుకున్నాను గానీ, ఆ బల్ల దగ్గర ఆవిడ కూర్చోగా ఎప్పుడైనా చూశానా? గట్టిగా కావలించుకున్నాను.

"వచ్చే యేడు కూడా ఇక్కడే అక్కా. నీ పీట నీకే."

"వస్తా. కానీ మరిదీ," బొక్కలో ఉన్న తౌఫీక్ వైపు తిరిగి గట్టిగా అంది, "ఆ కౌంటరు మాత్రం వెడల్పు చేశావో, ఊరుకోను!"