ఐసు ఫ్యాక్టరీ వాసన

మంగళ భయాలకి లెక్క లేదు. ఆస్ట్రేలియా వచ్చి క్వేకర్స్ హిల్‌లో కాపురం పెట్టిన ఈ ఆరేళ్ళలో సాలీళ్ళకి భయపడింది, నెత్తిమీద పొడిచే మ్యాగ్‌పై పిట్టలకి భయపడింది, ఎండక్కూడా భయపడింది. మొగుడు వెంకీ నవ్వేవాడు. నవ్వేవాళ్ళకేం, ఎన్నైనా నవ్వుతారు. వీటన్నిటి అడుగునా ఇంకో భయం ఉందనీ, అది ఒక వాసన అనీ ఆవిడ అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

డిసెంబరు ఇరవై మూడున ఆఫీసువాళ్ళు మధ్యాహ్నానికే వదిలేశారు. స్టేషన్ నుంచి మంగళ నేరుగా పక్కింటికి నడిచింది. బడికి సెలవులు కాబట్టి ఏడేళ్ళ చైత్ర పగలంతా అక్కడే ఉంటోంది. పక్కింటి హెల్గాకి డెబ్బై దాటాయి. ఐస్‌లాండ్ వదిలి నలభై ఏళ్ళయినా పండగ చేసే తీరు మాత్రం ఆవిడ వదల్లేదు. బయట ఎండ మండిపోతుంటే లోపల ఏసీ పెంచి, ఉన్ని స్వెట్టరు తొడుక్కుని మరీ చలికాలం పండగ చేస్తుంది. క్రిస్మస్‌కి ముందు పదమూడు రాత్రులు, రాత్రికొకడు చొప్పున పదమూడుమంది కొంటెవాళ్ళు కొండ దిగి వస్తారట. కిటికీలో బూటు పెట్టిన పిల్లల్లో బుద్ధిమంతులకి మిఠాయి, అల్లరివాళ్ళకి బంగాళాదుంప వేసి పోతారట. పన్నెండో తారీకు నుంచీ చైత్ర ఎర్రబూటు ఒకటి హెల్గా కిటికీలోనే ఉంది. ఇప్పటికి రెండుసార్లు బంగాళాదుంప వచ్చింది, రెండుసార్లూ న్యాయంగానే.

గేటు తీయగానే వాసన తగిలింది. ముక్కుకంటే ముందు కళ్ళకి తగిలింది. అమ్మోనియా! ప్రపంచంలో ఏ వాసననైనా ఆవిడ పొరబడుతుందేమో గానీ దీన్ని మాత్రం పొరబడదు.

కాకినాడలో వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడి గొట్టాల నిండా అమ్మోనియానే. "ఈ వాసనొస్తే తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోండి, గాలికి ఎదురు పరిగెత్తండి, లోపలికి మాత్రం అడుగెయ్యకండి" అని కూతుళ్ళిద్దరికీ వందసార్లు చెప్పి ఉంటాడు. మంగళకి పదకొండేళ్ళప్పుడు, ఆరేళ్ళ చెల్లెలు ఆండాళ్ చెయ్యి పట్టుకుని నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళిన రోజున గొట్టం పగిలింది. మంగళ పరిగెత్తింది. ఆండాళ్‌ని తర్వాత ఎవరో ఎత్తుకొచ్చారు. ప్రాణం దక్కింది గానీ కుడికన్ను పోయింది. చెల్లి చెయ్యి జారిపోయిందని మంగళ అందరికీ చెప్పింది. జారలేదు. చిన్నపిల్ల అడుగులు తనతో సాగడం లేదని వదిలేసింది.

ఇప్పుడు కిటికీలో ఎర్రబూటు కనిపిస్తోంది. చైత్ర చెప్పులు గుమ్మం ముందు బోర్లా పడి ఉన్నాయి. అంటే పిల్ల లోపలే ఉంది. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మంగళ గంట కొట్టింది, తలుపు బాదింది.

"చైత్రా! ఆంటీ!"

లోపల ఏదో మిషను హోరు తప్ప మనిషి గొంతు లేదు. ఆపదలో చేసే ట్రిపుల్ జీరో నంబరు నొక్కుదామంటే చెమటకి వేళ్ళు జారుతున్నాయి. నొక్కినా వాళ్ళేమంటారో తెలుసు. బయటే ఉండమంటారు. నాన్న చెప్పిందీ అదే. అప్పుడు తెలిసింది మంగళకి, తను రెండడుగులు వెనక్కి వేసేసిందని. కాళ్ళు గేటువైపు తిరిగి ఉన్నాయి. వాసనకంటే ఆ కాళ్ళని చూసి ఎక్కువ భయపడింది.

ఇంటి పక్క సందులోంచి పడుతూ లేస్తూ వెళ్ళి బట్టలుతికే గది తలుపు లాగింది. తెరుచుకుంది. తడిగుడ్డ సంగతి గుర్తే రాలేదు. నడవాలో కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే గోడ తడుముకుంటూ వంటింటి తలుపు చేరి తోసింది. రెండంగుళాలు కదిలి ఆగిపోయింది. అవతల కింద ఏదో మెత్తగా అడ్డం పడి ఉంది.

ఆ మెత్తనిదేమిటో ఊహించుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. "నా తల్లీ" అంటూ భుజంతో తలుపుని ఒక్క గుద్దు గుద్దింది.

అడ్డంగా ఉన్నది తువ్వాలు. వాసన ఇల్లంతా పాకకుండా తలుపు సందులో కుక్కిన తువ్వాలు! చిమ్నీ ఫ్యాను హోరుమంటోంది. పొయ్యి మీద గిన్నె పొగలు కక్కుతోంది. బల్ల దగ్గర ముసలావిడా చిన్నదీ ముక్కులకి బట్టల క్లిప్పులు పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా పడీ పడీ నవ్వుతున్నారు.

మంగళ నవ్వలేదు. చైత్ర మణికట్టు దొరకబుచ్చుకుని పెరట్లో గడ్డి దాకా ఈడ్చుకెళ్ళింది.

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఫిష్!" అని అరిచింది చైత్ర.

హెల్గా క్లిప్పు తీసేస్తూ వెనకే పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషులో సంజాయిషీ చెప్పుకుంది. అది రెక్కల్లా చదునుగా ఉండే టేకు చేపట. మూడు వారాలు గరాజులో బకెట్లో మూతపెట్టి మగ్గబెడితే ఆ ఘాటు చేపలోంచే పుడుతుందట. ఇరవై మూడున ఉడకబెట్టి బంగాళాదుంపలతో తింటారట. తమ ఊళ్ళో ఇవాళ వీధి వీధంతా ఇదే వాసనట.

"ఈ వాసనకి అందరూ బయటికి పరిగెడతారు మంగళా. లోపలికి పరిగెత్తుకొచ్చిన మనిషిని నిన్నే చూశాను" అంది హెల్గా.

అప్పుడు మంగళ గడ్డిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అమ్మా, మై హ్యాండ్. యూ ఆర్ హర్టింగ్ మీ."

చూసుకుంటే పిల్ల మణికట్టు ఎర్రగా కందిపోయి ఉంది. మంగళ వేళ్ళు చెప్పినమాట వినడం లేదు. ఒక్కొక్కటిగా విప్పుకోవలసి వచ్చింది.

పిల్లని ఇంటికి తెచ్చుకోగానే కాకినాడకి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా పొద్దున్నే. ఆండాళ్ బడికి బయల్దేరుతోంది, టీచరు కదా. చేప సంగతంతా విని పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆగి మంగళ అంది:

"ఆండాళూ, ఆ రోజు నీ చెయ్యి జారలేదే. నేనే వదిలేశాను."

అవతల టిఫిన్ డబ్బా మూత బిగించిన చప్పుడయింది.

"తెలుసక్కా. నీ వేళ్ళు ఒక్కోటీ విడిపోడం నాకు గుర్తే" అంది ఆండాళ్. గొంతు ఏమీ మారలేదు. "ముందా పిల్లకి తలంటు పొయ్యి. ఆ వాసన జుట్టుకి పట్టిందంటే ఓ పట్టాన వదల్దు."