శనివారం ఒక్కపొద్దు

విత్తనానికి పెట్టిన వేరుశనగ కాయలు వలిచి వలిచి జయంతి వేళ్ల కొసలు మండుతున్నాయి. మిషన్‌కు వేస్తే పప్పు పగిలి మొలకరాదని అత్త తిమ్మమ్మ పట్టుదల. వలిచేది మాత్రం కోడలే. ముందు గదిలో దేవుడి మీద వాదన జోరుగా సాగుతోంది. భర్త కేశవ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, దేవుడు లేడంటాడు. స్నేహితుడు జిలాన్ బాషా ఉన్నాడంటాడు. అది తెగేదీ కాదు, వాళ్లు టీ అడగడం మానేదీ లేదు.

“ఆయనకు తెలీనిది లేదప్పా. నీ మనసులో మాట నీకంటే ముందే తెలుసు.”

“అంతా తెలిసినోనికి మల్ల రోజూ మొక్కి చెప్పుకునేదెందుకు? నేను మొండిగా లేడనడంలా. రుజువు చూపించు, ఒప్పుకుంటా. నాది ఓపెన్ మైండ్!”

ఆ మాటకు జయంతికి నవ్వొచ్చింది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆంజనేయస్వామికి మొక్కుకుని శనివారాలు ఒక్కపొద్దు పట్టింది. అమ్మ దక్కలేదు. ఆ తర్వాత పటం ముందు నిలబడినా గోడ ముందు నిలబడినట్టే ఉండేది. అయినా శనివారం వదల్లేదు. ఉపవాసమున్న మనిషికి పని చెప్పకూడదని ఆ రోజు పొయ్యి దగ్గరికి అత్తే వెళుతుంది. జయంతి పొద్దున్నే గుడికని బయలుదేరి, దారిలో హోటల్లో ఉగ్గాని, బజ్జీ శుభ్రంగా తిని, గుడి మండపంలో ఓ మూల కూర్చుంటుంది. అమ్మను తలుచుకుని ఏడుస్తుంది. ఇంట్లో ఏడవడానికి తీరిక ఎక్కడిది? అన్నీ తెలిసినవాడు ఒకడుంటే ఎంత బాగుండు అని ఒక్కోసారి అనిపిస్తుంది, మరోసారి ఎవరూ లేరనిపిస్తుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్కరూ లేకపోవడమే ఆమెను తినేస్తోంది. ఊరందరినీ రుజువులడిగే భర్త, నువ్వేమనుకుంటున్నావని ఆమెను అడిగిన పాపాన పోలేదు.

టీ తీసుకెళ్లింది. జిలాన్ బాషా గ్లాసు అందుకుంటూ, “వదినా, మీరు చెప్పండి. ఉండాడా, లేడా?” అన్నాడు.

“ఆయమ్మనేం అడుగుతావప్పా! గట్టి భక్తి. ఆ ఒక్కపొద్దుకు నేనెప్పుడన్నా అడ్డం చెప్పినానా?” అన్నాడు కేశవ గర్వంగా.

“నువ్వుండు. వదిన్ని చెప్పనీ.”

నిజం చెబితే శనివారం చేజారుతుంది. ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పూటే. నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోవచ్చు. కానీ అడిగారు కదా, ఇన్నాళ్లకు ఒకరు అడిగారు.

“నాకు తెలీదన్నా. మా అమ్మ పోయినప్పటి నుంచీ తెలీదు. ఒక్కపొద్దూ ఉండడంలా.”

కేశవ గ్లాసు కింద పెట్టాడు. “మరి ఇన్ని దినాలూ గుడికి ఎందుకు పోతాండావు?”

“ఒక్కదాన్నే కూర్చునేదానికి.”

లోపలి నుంచి తిమ్మమ్మ గొంతు లేచింది. “అట్లనా! ఇంక శనివారం కూడా వంట నువ్వే చేసుకో.”

ఆ మాట వస్తుందని జయంతికి తెలుసు.

“చెయ్యనత్తా. శనివారం నేను పోతాను. దేవుడే ఉంటే, ఎందుకు పోతాండానో ఆయనకెప్పుడో తెలుసు. తెలీంది ఈ ఇంట్లోవాళ్లకే.”